తోటలో పీకిందంతా కలుపేనా?

ప్రశ్న: మా కాలనీ పక్కనే ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ ఉంది. రోజూ అక్కడ వాకింగ్ చేసే పదకొండు మందిమి, ఎక్కువమంది రిటైరైనవాళ్లమే, ఆదివారాలు ఓ రెండు గంటలు తోటకి సాయం చేద్దామనుకున్నాం. మొదటి వారమే ఔషధ మొక్కల మడిలో కలుపంతా తీసేశాం. మర్నాడు తోటమాలి చూసి “ఏందమ్మా ఇది, మేం వేసుకున్న నేల ఉసిరి మొత్తం పీకి పారేశారు” అని లబోదిబోమన్నాడు. ఇంట్లో కుండీల్లో అదే మొక్క మొలిస్తే పీకేస్తాం కదండీ! ఇప్పుడు మావాళ్లలో సగం మందికి అటువైపు వెళ్లాలంటేనే మొహం చెల్లడం లేదు. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయకండి. ముందు ఆ తోటమాలి దగ్గరికి వెళ్లి తప్పైపోయిందని చెప్పి, నేల ఉసిరి మళ్లీ వేయడానికి ఆయన రమ్మన్న రోజు వెళ్లండి, చాలు. మీరు చేసిన పొరపాటు అందరూ చేసేదే. పార్కు వేరు, బొటానికల్ గార్డెన్ వేరు. పార్కులో అందంగా లేనిది తీసేస్తే ఎవరూ అడగరు, ఇక్కడ మాత్రం ఏ మొక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు నాటారు అన్నది రిజిస్టర్లో రాసి ఉండాలి, మంచి తోటల్లో ఒక్కో మొక్కకీ ఒక నంబరే ఉంటుంది. మీ కుండీలో కలుపైన నేల ఉసిరి ఆ మడిలో అసలు పంట. రెమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు కనిపిస్తాయి, ఈసారి గుర్తుపట్టేస్తారు.

ఇంకో సంగతి, సొంతంగా మొక్కలు తెచ్చి నాటకండి. పుట్టినరోజుకో మొక్క నాటి ఫొటో దిగడం మనకి భలే సరదా గానీ, అక్కడ అది రిజిస్టర్లో లేని మొక్క అవుతుంది. హైదరాబాద్ కొండాపూర్ దగ్గరున్న కోట్ల విజయభాస్కర్‌రెడ్డి బొటానికల్ గార్డెన్ లాంటివైతే అటవీ భూమిలో ఉన్నాయి, అక్కడ గుంట తవ్వాలన్నా అనుమతి ఉండాల్సిందే. మీ తోట ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, ఆఫీసులో ఒక కాగితం రాసిచ్చి, ఏ ఆదివారం ఏ పని అన్నది వాళ్లనే చెప్పమనండి.

మరి మీకు మిగిలే పనేంటంటే, బోలెడుంది. దాదాపు ప్రతి తోటలోనూ వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్క ఉంటుంది, క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న తెల్లపూలు. అది ముందు తోటమాలితో చూపించుకుని, వాన పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే వేళ్లతో సహా లాగాలి, ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది మరి. చేతికి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆస్తమా, చర్మం దురదలు ఉన్నవాళ్లు దానికి దూరంగా ఉండి వేరే పని చూసుకోండి. పూత వచ్చేసిన మొక్కని ఎరువు గుంటలో మాత్రం వేయకండి.

చెట్లకి కట్టిన బోర్డులు, ట్రీగార్డులు కూడా ఒకసారి చూడండి. ఒకచోట నేను చూశాను, ఎప్పుడో పెట్టిన ఇనప కడ్డీని ఎవరూ తీయక, మాను లావెక్కి దాన్ని సగం మింగేసింది, బెరడు రెండు పెదాల్లా ఉబ్బి కడ్డీ మీదకి వచ్చేసింది. అలా బిగుసుకుపోతున్నవి కనబడితే మీరే లాగేయకుండా రాసుకొచ్చి చెప్పండి, ఈ లిస్టు రాసివ్వడం చిన్న సాయమేం కాదు.

ప్రశ్న: మా వాలంటీర్లు రాలిన ఆకులు ఊడ్చి కుప్పపోసి తగలబెడుతున్నారు. శుభ్రంగా ఉంటుందంటారు. సరైనదేనా?

జవాబు: కాదు. పొగ సంగతి సరే, మంట సెగకి పక్కనున్న చెట్ల బెరడు కూడా కాలుతుంది. ఆ ఆకులే పాదుల్లో పరిస్తే ఎండాకాలం తడి ఆరదు, కాకపోతే కాండానికి ఆనించకుండా జానెడు ఖాళీ వదలండి, లేదంటే మొదలు కుళ్లుతుంది. మిగిలినవి గుంటలో వేసి, పచ్చి ఆకు, పేడ నీళ్లు కలిపి తడి ఆరకుండా చూసుకోండి. టేకు ఆకు త్వరగా చివకదు, చిన్న ముక్కలు చేసి వేయండి.

ప్రశ్న: బోర్డుల మీద అర్థంకాని లాటిన్ పేర్లెందుకు? తెలుగు పేర్లు రాస్తే చాలదా?

జవాబు: రెండూ ఉండాలి. బ్రాహ్మి అంటే కొందరు సరస్వతి ఆకు అనుకుంటారు, కొందరు నీటి సాంబ్రాణి మొక్క అనుకుంటారు. మొదటిది సెంటెల్లా ఏషియాటికా, రెండోది బకోపా మొన్నియేరి, రెండింటికీ చుట్టరికమే లేదు. మీ తోటలో ఒట్టి ‘బ్రాహ్మి’ అని రాసిన బోర్డు ఉంటే, ఆ మడిలో ఉన్నది ఏదో ఆఫీసులో అడిగి రెండు పేర్లూ రాయించండి.