కర్ణాటక సంగీతానికి ఖరీదైన డాక్: ఆర్‌-2ఆర్ రకమా, డెల్టా-సిగ్మా రకమా?

కర్ణాటక సంగీతం వినడానికి లక్షన్నర రూపాయల లోపు డాక్ (డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు అందించగల విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె) కొనదలచి, రెసిస్టర్ల వరుసతో పనిచేసే ఆర్‌-2ఆర్ రకం మంచిదా, సంకేతాన్ని ఎన్నో రెట్ల వేగంతో మార్చే డెల్టా-సిగ్మా చిప్పు ఉన్నది మంచిదా అని మీరు అడిగారు. కడపలో మా ఇంట్లో ఈ రెండు రకాలనూ ఒకే ఆంప్లిఫయర్‌కు, అవే స్పీకర్లకు కలిపి చాలాకాలం విన్నాను. నా సలహా డెల్టా-సిగ్మా రకమే, అదీ మీరు అనుకున్న సొమ్ములో సగానికి మించకుండా.

ఆర్‌-2ఆర్ డాక్ కమ్మగా వినిపిస్తుందన్న మాట వట్టిది కాదు. అయితే అందుకు కారణం చాలాసార్లు రెసిస్టర్లు కావు, వాటితో పాటు ఇచ్చే, ఓవర్‌శాంప్లింగ్ (ఉన్న శాంపిల్స్ మధ్య అదనపు శాంపిల్స్ లెక్కగట్టి చేర్చడం) లేని నాస్ పద్ధతి. 44.1 కిలోహెర్ట్జ్ సీడీ ఫైలును ఆ పద్ధతిలో, సవరణ ఏదీ లేకుండా వింటే 10 కిలోహెర్ట్జ్ వద్ద ముప్పావు డెసిబెల్, 20 కిలోహెర్ట్జ్ వద్ద 3 డెసిబెల్స్‌కు పైగా ధ్వని తగ్గుతుంది. వయొలిన్ కమాను గరుకు కాస్త నునుపెక్కుతుంది, తంబురాలో జీవ అనే నూలుపోగు సరిగ్గా అమరినప్పుడు పలికే ఝంకారం అంచున మెరుపు కొంత మాయమవుతుంది. కొందరికి అదే ఇష్టం. నాకు మాత్రం ఆ మెరుపు ఉండవలసిందే.

దుకాణంలో పోల్చి వినేటప్పుడు ధ్వని స్థాయిలు సమానంగా ఉన్నాయో లేదో ముందు చూడండి. డాక్ వెనుక ఉండే ఆర్సీఏ సాకెట్ నుంచి సాధారణంగా 2 వోల్టులు, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ నుంచి 4 వోల్టులు వస్తాయి కనుక, కేబుల్ మార్చగానే ధ్వని 6 డెసిబెల్స్ పెరిగి, గాయకుడు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్లే తోస్తుంది. అంత దాకా ఎందుకు, 2 వోల్టులకు బదులు 2.1 వోల్టులు వచ్చినా తేడా 0.4 డెసిబెల్, అది కూడా చెవిని మోసగించగలదు. నేను 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మామూలు మల్టీమీటరుతో రెండు డాక్‌ల వోల్టేజీని కొలిచి సరిచూసుకున్నాను. అలా సమం చేసి, ఏది మోగుతోందో చూడకుండా విన్నప్పుడు, నాస్ పద్ధతిని ఆపేస్తే, రెండింటిలో ఏది ఏదో నేను నమ్మకంగా చెప్పలేకపోయాను.

మనం వినే పాత కచేరీలలో ఎక్కువ భాగం టేపు మీద రికార్డయినవే. అప్పటి టేపులో హిస్ అనే సన్నని రొదకూ గరిష్ఠ ధ్వనికీ మధ్య వ్యవధి సుమారు 60 నుంచి 70 డెసిబెల్స్ కాగా, 16 బిట్ల సీడీకే అది 96 దాకా ఉంటుంది. అందువల్ల 32 బిట్లు, డీఎస్‌డీ (ఒక రకం డిజిటల్ రికార్డింగ్ పద్ధతి) 512 వంటి అంకెలకు అదనంగా డబ్బు పెట్టకండి.

మిగిలిన సొమ్మును గదికి వెచ్చించండి. మన వైపు ఇళ్లలో నేలంతా కడప బండలు, గోడలకు నున్నని రంగు. చప్పట్లు కొడితే ఆ మోత వెంటనే ఆగదు. అటువంటి హాలులో తని ఆవర్తనం (కచేరీలో లయవాద్యాలు మాత్రమే మోగే భాగం) పెడితే మృదంగం కుడివైపు (వలంతల) చాపు దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య దళసరి జంపఖానా, వెనుక గోడకు పుస్తకాల బీరువా చేరిన తర్వాత మా హాలులో వచ్చిన మార్పు ఏ డాక్ మార్చినా రాలేదు.

కరెంటు విషయం కూడా చూసుకోండి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఆంప్లిఫయర్‌లో గుయ్‌మనే హమ్ వస్తే అది డాక్ లోపం కాకపోవచ్చు. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ చార్జరు పెట్టినప్పుడు మాత్రమే హమ్ వస్తుంటే యూఎస్‌బీ తీసి ఆప్టికల్ కేబుల్ వాడితే పోతుంది, ఎందుకంటే అందులో వెళ్లేది వెలుతురే గాని విద్యుత్తు కాదు. కాబట్టి ఆప్టికల్ ఇన్‌పుట్ లేని డాక్‌ను, ధర ఎంత నచ్చినా, తీసుకోవద్దు. పెట్టె చెడితే సర్వీసుకు హైదరాబాదుకో బెంగళూరుకో పంపవలసి రావచ్చు. వారంటీ కాలంలో ఆ రానుపోను ఖర్చు ఎవరిదో, ఇంట్లో విని నచ్చకపోతే ఎన్ని రోజుల్లోపు తిరిగి తీసుకుంటారో బిల్లు మీదే రాయించుకోండి.