అమ్మ, బాపు బ్యాంకాక్ పోతున్నారు: ఏటీఎం మోసాల నుంచి ఎట్లా కాపాడుకోవాలి?

అమ్మ, బాపు మొదటిసారి థాయ్‌లాండ్ పోతున్నారు, ఇక్కడి డెబిట్ కార్డు అక్కడ ధైర్యంగా వాడొచ్చా అని హనుమకొండ నుంచి ఒకరు అడిగారు. వాడొచ్చు. కానీ పెన్షన్ పడే ఖాతా కార్డు మాత్రం ఇచ్చి పంపకండి. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ కరెన్సీ నింపుకునే కార్డు) తీసుకోండి, లేదంటే వేరే ఖాతాలో ఖర్చుకు సరిపడా వేసి దాని కార్డు ఇవ్వండి. దొంగ చేతికి చిక్కినా అందులో ఉన్నంతే పోతుంది. రెండో కార్డు ఇంకొకరి సంచిలో ఉండాలి.

2020 మార్చి 16 తర్వాత ఇచ్చిన కార్డులకు విదేశీ వాడకం మొదట మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ఏటీఎం, స్వైపింగ్ తెరిచి రోజువారీ పరిమితి తగ్గించండి. ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ మాత్రం తెరవొద్దు. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు, కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే చాలు.

ఏటీఎం అంటే బ్యాంకు బ్రాంచికి ఆనుకుని ఉన్నదే, అదీ బ్యాంకు తెరిచి ఉన్నప్పుడే. కార్డు మింగితే వెంటనే లోపలికి పోయి అడగొచ్చు. కార్డు పెట్టే చోటును వేళ్లతో పట్టి కదిలించి చూడాలి, దొంగలు అక్కడ కార్డు నకలు తీసే పరికరం బిగిస్తారు. ఊగినా, కీప్యాడ్ ఉబ్బినట్టున్నా వదిలేయాలి. కార్డు నకలు తీసినా పిన్ లేకుంటే దొంగ ఏటీఎంలో పైసలు తీయలేడు, అందుకే పైన ఎక్కడో చిన్న కెమెరా పెడతాడు. పిన్ కొట్టేటప్పుడు రెండో చేయి అడ్డం పెట్టడం పది జాగ్రత్తల పెట్టు.

కార్డు ఇరుక్కుంటే పక్కనున్నాయన “పిన్ మళ్లీ కొట్టండి” అని సాయానికి వస్తాడు. కొట్టొద్దు. అక్కడే నిలబడి యాప్‌లో కార్డు లాక్ చేయాలి. కొన్ని మెషీన్లు ముందు పైసలిచ్చి తర్వాత కార్డు ఇస్తాయి, జర యాదిలో పెట్టుకోమనండి.

ఇక దొంగతనం కాదు గానీ ఎక్కువమందికి పైసలు పోయేది ఇక్కడే. మెషీన్ “మీ ఖాతాలోంచి ఇన్ని రూపాయలు” అని తెర మీద చూపించి ఒప్పుకోమంటుంది. ఆ మారకపు రేటు మెషీన్ వాళ్లు పెట్టుకున్నది, మీ బ్యాంకు రేటు కన్నా బాగా ఎక్కువ ఉంటుంది. ‘వితౌట్ కన్వర్షన్’ లేదా ‘డిక్లైన్’ నొక్కాలి. డిక్లైన్ నొక్కితే పైసలు రావేమోనని భయపడతారు. వస్తాయి, లెక్క మాత్రం థాయ్ కరెన్సీ బాట్‌లలో పడుతుంది. షాపులో స్వైపింగ్ మెషీన్ అడిగినా బాట్‌లే ఎంచుకోవాలి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్‌లో అంతకన్నా ఎక్కువో రుసుము పట్టుకుంటాయి, కాబట్టి కొంచెం కొంచెం తీయడం దండగ.

నగదు అయితే రూపాయల కన్నా 100 డాలర్ల నోట్లకు మంచి రేటు వస్తుంది. చిరుగు, రాత లేనివి చూసి తీసుకోండి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో లగేజీ దగ్గరి కౌంటర్లు వదిలేసి కింద రైలు స్టేషన్ అంతస్తులో మార్చుకోమనండి. కౌంటర్ వదలకముందే లెక్కపెట్టుకోవాలి.

మన సిమ్‌కు రోమింగ్ ఉంచండి, అలర్టులు రావాలి. 1800 నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. బ్యాంకు ప్లస్ 91 నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి, ఎందుకంటే కార్డు వెనకున్న నంబరు కార్డుతోపాటే పోతుంది. మీకు తెలియని విత్‌డ్రాయల్ కనబడితే ముందు కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆర్‌బీఐ 2017 నిబంధన ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటివాళ్ల మోసమైతే, 3 పని దినాల్లో బ్యాంకుకు చెప్పినవాళ్ల మీద నష్టం పడదు. పిన్ ఎవరికైనా చెప్పి ఉంటే ఆ రక్షణ ఉండదు.