సెంట్రల్ బ్యాంకులో జూనియర్ డేటా రీసెర్చ్ అసిస్టెంట్ పని ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న చూశాను. ఎకనామిక్స్‌లో పీజీ అయింది, ఒక సెంట్రల్ బ్యాంకు పరిశోధన విభాగంలో జూనియర్ డేటా రీసెర్చ్ అసిస్టెంట్‌గా ఆఫర్ వచ్చింది. అది రోజంతా ఎక్సెల్ నింపే గుమాస్తా పనేమో అని మీ భయం. కోడింగ్ ఎంత రావాలి, ముందుముందు పీహెచ్‌డీకి అక్కరకొస్తుందా అన్నవి మిగతా రెండు సందేహాలు. ఇదే ఉద్యోగం నేనూ చేశాను. చేరమనే చెబుతాను. కాకపోతే లోపల ఏముంటుందో ముందే తెలిస్తే మొదటి కొన్ని నెలలు డీలా పడకుండా ఉంటారు.

వడ్డీ రేటు ఎంత ఉండాలో మిమ్మల్ని ఎవరూ అడగరు. ఆ నిర్ణయం తీసుకునే కమిటీ ముందుకు వెళ్లే నోట్‌లో గ్రాఫులుంటాయి, వాటి వెనక టేబుళ్లుంటాయి, ఆ టేబుళ్ల వెనక మీరుంటారు. "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఎవరు ఎప్పుడు అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. నా దృష్టిలో ఈ ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కాలేజీలో డేటా శుభ్రంగా ఒక ఫైల్‌లో పెట్టి చేతికిస్తారు. ఇక్కడ ఆ ఫైల్ తయారుచేసేది మీరే.

రోజువారీ పని త్వరగా చెప్పేస్తాను. ద్రవ్యోల్బణం, జీడీపీ, ఉపాధి, బ్యాంకు రుణాల అంకెలు ఏ రోజు ఏవి విడుదలవుతాయో ఒక క్యాలెండర్ ఉంటుంది. అవి రాగానే డేటాబేస్‌ను అప్‌డేట్ చేసి, గ్రాఫులు మళ్లీ గీసి, ఏం మారిందో పది లైన్లలో రాసివ్వాలి. ఎవరో ఒక పెద్దాయన ప్రసంగం ఉంటే అందులోని ప్రతి అంకెనూ మూలంతో సరిచూడాలి. మిగిలిన సమయంలో ఎకనామిస్టుల దీర్ఘకాల పరిశోధనలకు డేటా శుభ్రం చేయడం, రిగ్రెషన్లు (ఒక అంకె మరోదానితో ఎలా ముడిపడిందో చూసే లెక్కలు) నడపడం, పాత పేపర్ల ఫలితాలు మళ్లీ వస్తాయో లేదో చూడడం. పాలసీ సమావేశం దగ్గరపడే కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. అది అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇందులో అసలు రసం ఎక్కడుందో చెప్పాలి. ఒకసారి బ్యాంకు రుణాల వృద్ధి గ్రాఫు గీస్తుంటే, నెలల తరబడి నెమ్మదిగా పాకుతున్న గీత ఒక్క నెలలో నిట్టనిలువుగా లేచింది. నోట్ రాస్తున్న సీనియర్ నా స్క్రీన్ వైపు చూసి ఒకటే అడిగారు: "ఇది ఎకానమీయా, మన డేటాయా?"

మొత్తం అంకెను ఎంతసేపు చూసినా ఆ సంగతి తేలదు. బ్యాంకులు మాకు పంపే లెక్కల పత్రాలు, అంటే రిటర్నులు, బ్యాంకులవారీగా తెరిచి, ఆ నెలకూ ముందు నెలకూ మధ్య తేడాను బ్యాంకుకొక వరుసగా పేర్చి, పెద్దదాని నుంచి చిన్నదానికి సార్ట్ చేశాను. పెరుగుదలలో సింహభాగం ఒకే వరుసలో కనిపించింది. ఆ బ్యాంకు కొత్తగా విరివిగా అప్పులిచ్చిందేమీ లేదు. అప్పటిదాకా బ్యాంకుల లెక్కలోకి రాని ఒక ఫైనాన్స్ సంస్థను తనలో కలుపుకుంది. ఆ సంస్థ ఎప్పుడెప్పుడో ఇచ్చిన అప్పులన్నీ ఒక్కరోజులో బ్యాంకు రుణాల పద్దులోకి వచ్చి చేరాయి. విలీనాన్ని పక్కనపెట్టి లెక్కేస్తే గీత మళ్లీ మామూలుగానే ఉంది. చివరికి నోట్‌లో రెండు గీతలూ వేసి, కింద ఫుట్‌నోట్ పెట్టాం.

ఇలాంటివి బయట కూడా చూడొచ్చు. 2023 జులైలో ఇళ్ల రుణాల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమయ్యాక, రిజర్వ్ బ్యాంకు రుణాల వృద్ధిని విలీనం కలిపి ఒకలా, కలపకుండా ఒకలా విడివిడిగా చెబుతూ వచ్చింది. సరైన పద్ధతి అదే. లేకపోతే చదివేవాళ్లు జనం ఒక్కసారిగా అప్పుల మీద పడ్డారని అనుకుంటారు. బేస్ సంవత్సరం (పోలికకు ఆధారంగా పెట్టుకునే ఏడాది) మారినా, వర్గీకరణ మారినా, సర్వే పద్ధతి మారినా ఇదే తంతు. గ్రాఫులో వింత కనిపించగానే దాని మీద కథ అల్లడం తేలిక. ముందు రిటర్ను ఫారం మారిందేమో చూడాలి.

ఇంకో విషయం నన్ను బాగా కదిలించింది. జీడీపీ అంకె ఒకసారి ప్రకటించాక అలాగే ఉండిపోదు, ఏళ్ల తరబడి సవరిస్తూనే ఉంటారు. అమెరికాలో 2008 చివరి త్రైమాసికానికి 2009 జనవరిలో వచ్చిన మొదటి అంచనా, వార్షిక రేటున (అదే వేగం ఏడాదంతా సాగితే అన్న లెక్కన) 3.8 శాతం తగ్గుదల. తర్వాతి నెలలోనే అది 6.2 శాతమైంది. తర్వాతి సవరణల్లో తగ్గుదల 8 శాతం దాటింది. అంటే ఆ జనవరిలో నిర్ణయాలు తీసుకున్నవాళ్ల కళ్లముందున్న సంక్షోభం వేరు, ఇప్పుడు డేటాబేస్‌లో మనకు కనిపించే సంక్షోభం వేరు. నేటి అంకెలు పెట్టుకుని "అప్పుడే వాళ్లకు తెలియాల్సింది" అని తీర్పు చెప్పడం అన్యాయం.

అందుకే పరిశోధన విభాగాల్లో ఏ రోజు ఏ అంకె తెలుసో దాన్ని ఆ తేదీతో సహా దాచిపెడతారు. దీన్ని వింటేజ్ డేటా అంటారు. అమెరికా సెంట్రల్ బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్)లో భాగమైన సెయింట్ లూయిస్ ఫెడ్, తన 'ఫ్రెడ్' ఆర్థిక డేటాబేస్‌కు తోడుగా పాత తేదీల అంకెలుండే 'ఆల్‌ఫ్రెడ్' నడుపుతోంది, ఫిలడెల్ఫియా ఫెడ్‌కు కూడా ఇలాంటి రియల్ టైమ్ డేటా ఉంది. ఎకనామిస్టు అథనసియోస్ ఆర్ఫనైడిస్ 2001లో ప్రచురించిన పరిశోధన చూపించింది కూడా ఇదే: సవరించిన డేటాతో చూస్తే పాలసీ ఎలా ఉండాల్సిందో చెప్పే సూత్రాలు, ఆనాడు చేతిలో ఉన్న డేటాతో చూస్తే వేరే జవాబు ఇస్తాయి. పాత ఫైల్ మీద కొత్తది సేవ్ చేసేయడం ఈ రంగంలో ఎందుకు పాపమో దీంతో అర్థమవుతుంది. ముడి డేటాను ఎప్పుడూ ముట్టుకోకండి, డౌన్‌లోడ్ చేసిన తేదీ ఫైల్ పేరులోనే ఉండనివ్వండి.

ఇక చిన్నవిగా కనిపించి పరువు తీసే విషయాలు కొన్నున్నాయి. ద్రవ్యోల్బణం 4 శాతం నుంచి 5 శాతానికి పెరిగితే అది ఒక శాతం పెరగడం కాదు, ఒక పర్సంటేజ్ పాయింటు. శాతంలో చెబితే 25 శాతం. ద్రవ్యోల్బణం 6 నుంచి 3కి వస్తే ధరలు తగ్గినట్టు కాదు, పెరిగే వేగం తగ్గినట్టు. త్రైమాసికంలో అర శాతం పెరిగిన జీడీపీని వార్షిక రేటుకు మారిస్తే సుమారు 2 శాతం. అమెరికా వార్షిక రేటు చెబుతుంది, యూరప్‌లో త్రైమాసిక మార్పును అలాగే ఇస్తారు. రెండింటినీ ఒకే గ్రాఫులో పక్కపక్కన పెట్టేస్తే యూరప్ పడకేసినట్టు కనిపిస్తుంది. సీజనల్ అడ్జస్ట్‌మెంట్ (ఏటా అదే కాలంలో వచ్చే హెచ్చుతగ్గులను తీసేయడం) చేసినదీ చేయనిదీ కలపడం కూడా అలాంటిదే.

కోడ్ ఎప్పుడూ సవ్యంగా నడుస్తుందన్న నమ్మకం కూడా వద్దు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాల) ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. రుణాత్మక సంఖ్యకు లాగరిథమ్ ఉండదు. ధరకు లాగ్ తీసుకుని మార్పు లెక్కించే ప్రోగ్రాములు అక్కడ ఆగిపోతాయి, లేదా చడీచప్పుడు లేకుండా ఆ రోజును ఖాళీగా వదిలేసి ముందుకెళ్తాయి. రెండోదే ప్రమాదం. అందుకే ఏ ప్రోగ్రాము రాసినా ఎన్ని వరుసలు లోపలికి వెళ్లాయి, ఎన్ని బయటికి వచ్చాయి అనేది ప్రింట్ చేయించండి. ఈ ఒక్క అలవాటు ఎంత కాపాడుతుందో చెప్పలేను.

కోడింగ్ ఎంత రావాలి అన్నదానికి నా జవాబు: ఆర్, పైథాన్, స్టాటాల్లో ఏదో ఒకటి గట్టిగా రావాలి, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష) పని నడిచేంత రావాలి. మ్యాట్‌ల్యాబ్ కొన్ని టీముల్లో వాడతారు, అవసరమైనప్పుడు నేర్చుకోవచ్చు. భాష కన్నా ముఖ్యమైనది, మీ ఫోల్డర్‌ను వేరేవాళ్లు తెరిచి ఒక స్క్రిప్టు నడిపితే అదే గ్రాఫు మళ్లీ రావడం. ఎక్సెల్‌ను ద్వేషించాల్సిన పనిలేదు, సీనియర్లు చాలామంది అందులోనే చూస్తారు. కానీ లెక్క అందులో చేతితో చేయకండి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఎకనామిస్టులు ప్రభుత్వ అప్పుల మీద రాసిన పేపరు ప్రపంచమంతా పాలసీ చర్చల్లో నలిగింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి వాళ్ల స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు కలవలేదని తేలింది. ఆ పేపరు మీద ఇతర విమర్శలూ ఉన్నాయి, అది వేరే చర్చ. నాకు గుర్తుండిపోయింది మాత్రం, దాన్ని పట్టుకున్నది ఒక విద్యార్థి అన్న విషయం. ఫలితాన్ని మళ్లీ రాబట్టి చూసే ఓపిక అతనికుంది. మీ ఉద్యోగంలో మీకు జీతమిచ్చేది ఆ ఓపికకే.

గోప్యత గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మీరు చూసే అంకెల్లో కొన్ని ఇంకా బయటికి రానివి, కొన్ని ఎప్పటికీ రాకూడనివి. ఒక టేబుల్ గడిలో ఒకటి రెండు సంస్థల లెక్కే ఉంటే, పేరు రాయకపోయినా అవి ఎవరివో తెలిసిపోతుంది. అలాంటి గడులను దాచేయాలి లేదా పక్కవాటితో కలిపేయాలి. సమావేశాలకు ముందు మౌనం పాటించే కాలం కూడా ఉంటుంది. ఫెడ్‌లో అది సమావేశానికి ముందు వచ్చే రెండో శనివారం మొదలవుతుంది, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో ఏడు రోజులు. మీ సొంత పెట్టుబడుల మీద కూడా ఆంక్షలుంటాయి, చేరేముందు ఆ కాగితాలు పూర్తిగా చదవండి. "రేట్లు తగ్గుతాయా?" అని స్నేహితులూ చుట్టాలూ అడుగుతారు. మీకేమీ తెలియకపోయినా ఏదో ఒకటి అనకండి. ఆ మాట అన్నది అక్కడ పనిచేసే మనిషి కాబట్టి దానికి లేని బరువు వచ్చిపడుతుంది.

మనుషుల సంగతి. నేను చూసినంతవరకు ఎకనామిస్టులు ప్రశ్నలు అడిగే జూనియర్లనే ఇష్టపడతారు. "గంటలో గ్రాఫు కావాలి" అన్నప్పుడు వెంటనే మొదలుపెట్టకండి. అది ఎవరికి, దాంతో ఏం చెప్పాలనుకుంటున్నారు, ఏ సంవత్సరం నుంచి కావాలి అని రెండు నిమిషాలు అడగండి. అనుమానం ఉంటే గంట తర్వాత కాకుండా అప్పుడే చెప్పండి. హోదాను చూసి వెనకాడకండి. రెండు ఫైళ్లలో ఒకే అంకె వేర్వేరుగా ఉందని జూనియర్ చెబితే సీనియర్లు ఆగి చూస్తారు, ఆ విషయంలో నేను పనిచేసిన చోటు మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

పీహెచ్‌డీకి ఇది చక్కగా పనికొస్తుంది. అమెరికా ఫెడ్‌లో ఈ ఉద్యోగాలు సాధారణంగా రెండేళ్లవి, వాటి నుంచి డాక్టరేట్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువ. దగ్గరగా పనిచేసిన ఎకనామిస్టు రాసే సిఫార్సు లేఖకు విలువుంటుంది. పేపర్లో మీ పేరు రచయితగా రాకపోవచ్చు, మొదటి పేజీ అడుగున కృతజ్ఞతల్లో ఉంటుంది. దానికి సిద్ధపడండి. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా లాంటి గణితం మీ డిగ్రీలో లేకపోతే సాయంత్రాలు అవి పూర్తిచేసుకోండి, ఆ లోటును ఉద్యోగం పూడ్చదు. పాలసీ మీద మీ అభిప్రాయాలు బహిరంగంగా రాయడమే మీకు ప్రాణమైతే మాత్రం, ఈ చోటు మీకు ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది.

చేరేలోపు ఖాళీ ఉంటే ఒక పని చేయండి. ఏదో ఒక దేశపు వినియోగదారుల ధరల సూచీని తీసుకోండి. ఆహారం, ఇంటి అద్దె, రవాణా లాంటి ఉప సూచీలూ, మొత్తంలో వాటి వాటా చెప్పే వెయిట్లూ గణాంక సంస్థలే ఇస్తాయి. వాటి నుంచి మొత్తం సూచీని మీరే స్క్రిప్టుతో కట్టి, ప్రకటించిన అంకెతో పోల్చండి. మొదటిసారి దశాంశాల దగ్గర తేడా వస్తుంది. అది రౌండింగ్ వల్లా, వెయిట్లు మారిన నెల వల్లా, బేస్ జోడింపు వల్లా అన్నది పద్ధతుల పుస్తకం చదివి తేల్చండి. చేతిలో ఆ స్క్రిప్టు పెట్టుకుని చేరితే, మొదటి వారం వాళ్లు మీకిచ్చే పని మీకు కొత్తగా అనిపించదు.