సిలిండర్ కంటే ముందు మీటర్ కొను, అల్లుడూ

సెమిలిగుడ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పొట్టంగిలో ప్లాస్టిక్ షీటు కప్పిన నీ క్యాప్సికం పాలీహౌస్‌కి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు తెప్పిస్తానని ఫోన్లో అన్నావు. కాస్త ఆగు. ముందు గాలిలో ఆ గ్యాస్ ఎంతుందో కొలిచే మీటర్ కొను.

బయటి గాలిలో ఆ గ్యాస్ సుమారు 420 పీపీఎం, అంటే పదిలక్షల వంతుల్లో 420 వంతులు, ఉంటుంది. చలికాలం మన కొండల మీద మంచుకి భయపడి పాలీహౌస్ పక్కల కర్టెన్లు దించేస్తాం కదా, రాత్రంతా మొక్కలూ, పశువుల ఎరువు వేసిన మట్టీ వదిలిన గ్యాస్ లోపలే ఉండిపోతుంది. మొన్న పుష్యంలో తెల్లారి ఆరింటికి నా మీటర్ 600 దాటి చూపించింది. ఎండ పడ్డాక మొక్కలు దాన్నే తిండిగా వాడుకుంటాయి కాబట్టి చూస్తుండగానే దిగిపోయింది. తొమ్మిదింటికి 250. నీళ్లున్నాయి, ఎరువుంది, గాలిలోనే తిండి లేదు. గ్యాస్ కావలసింది ఆ వేళకే. రాత్రి అసలు వదలకు, వెలుతురు లేనిదే మొక్క దాన్ని వాడుకోలేదు.

పావు ఎకరం పాలీహౌస్, ఎత్తు 4 మీటర్లు అనుకుంటే, 300 నుంచి 900కి పెంచడానికి 4 కిలోల పైచిలుకు గ్యాస్ పడుతుంది. మొక్కలు వాడేసేదీ, సందుల్లోంచి పోయేదీ దాని మీద అదనం. 1000 దాటించడం డబ్బు దండగ. ఎండెక్కి కర్టెన్లు ఎత్తే అరగంట ముందే వాల్వు కట్టెయ్. వేసవిలో రోజంతా తెరిచే ఉంచుతాం కాబట్టి ఆ ఊసే వద్దు.

మంటలోంచీ కార్బన్ డయాక్సైడే వస్తుంది, ఖర్చు తగ్గుతుందని లోపల గ్యాస్ పొయ్యి మాత్రం వెలిగించకు. తొలి ఏడు నేను చేసిన పని అదే. మంట పసుపు రంగులో వస్తున్నా పట్టించుకోలేదు. సరిగా కాలని మంట పూత రాల్చే ఎథిలీన్ అనే గ్యాస్ వదులుతుంది. మూడో రోజు పొద్దున మట్టి మీద పరిచిన నల్లటి మల్చింగ్ షీటు నిండా తెల్లటి పూత, కాడలతో సహా రాలి ఉంది. మీ అత్త దోసిట్లోకి ఎత్తి చూపించింది, ఏమీ అనలేదు. అదే మంటలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనిషి ప్రాణం తీస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లీకైనా వాసన రాదు, గాలి కంటే బరువు కాబట్టి గ్యాస్ కిందే నిలిచిపోతుంది. అందుకని సిలిండర్ బయట పెట్టి, పైపు ఒక్కటే లోపలికి తీసుకెళ్లు. కూలీల్ని పంపే ముందు మీటర్ చూడు. 5000 దాటితే ఎవరినీ లోపలికి పోనివ్వకు.

మీటర్ వచ్చాక వారం రోజులు గంటగంటకీ అంకెలు రాసి పంపు. తొమ్మిదింటికి కర్టెన్ జానెడు ఎత్తితే మళ్లీ 400కి వస్తోందా అన్నది కూడా రాయి. వస్తుంటే, ఈ ఏడాదికి సిలిండర్ మాట వదిలెయ్.

నీ మావయ్య