ముందు బంగళా, పక్కన గోడౌను

ప్రశ్న: మా అబ్బాయి ఉత్తర వేల్స్‌లో డాక్టరు. వాళ్ల పల్లెలో 'బెథెల్' అనే పాత చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) ఉంది. ముందు నుంచి చూస్తే జమీందారు బంగళా, పక్కకెళ్తే ధాన్యం గోడౌను! గోపురం లేదు. రెండు తలుపులు. గోడమీద 1826, 1867 అని రెండు సంవత్సరాలు చెక్కారు. మెథడిస్టులదట. మెదక్ చర్చి కట్టిందీ మెథడిస్టులే కదా, ఇంత తేడా ఎందుకండీ? – ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: గోడౌను అన్నారే, ఆ మాటకి నవ్వొచ్చిందమ్మా. దక్షిణ వేల్స్‌లోని స్వాన్సీలో పాత కట్టడాల మరమ్మతు పనిలో ఆరేళ్లున్నాను. మొదటి రోజు నేనూ అదే అన్నాను.

ఇంగ్లండ్ రాజ్యం ఒప్పుకున్న చర్చిలో చేరనివాళ్లు కట్టుకున్నవి ఇవి. అందరూ ఆ చర్చి ప్రార్థన పుస్తకాన్నే వాడాలన్న 1662 చట్టం తర్వాత దాదాపు 2000 మంది పాస్టర్లు ఆ చర్చి నుంచి బయటికి రావాల్సి వచ్చింది. 1689లోగానీ వీళ్ల ప్రార్థనా స్థలాలకు చట్టం అనుమతివ్వలేదు. వీళ్లకి ముఖ్యం ప్రసంగం. అందరికీ మాట వినబడాలి, అంతే. గోపురంతో పనేముంది?

ఇక రెండు సంవత్సరాల సంగతి. మొదటిది కట్టిన ఏడాది, రెండోది తిరిగి కట్టిన ఏడాది అయ్యుంటుంది. పాత చాపెళ్లకు తలుపులు పొడుగు గోడకే ఉండేవి, ప్రసంగ వేదికా ఆ గోడనే ఆనుకునేది. జనం పెరిగాక పడగొట్టి కట్టేటప్పుడు దిశ మార్చి, రోడ్డువైపు త్రికోణపు గోడని ముఖంగా పెట్టేవాళ్లు. డబ్బంతా దానికే. చెక్కిన రాయో, నున్నటి పూతో, పొడుగాటి కమాను కిటికీలో అన్నీ ముందే. పక్కగోడలు మాత్రం దొరికిన రాళ్లూ, సున్నం. మీ అబ్బాయి వాళ్లవైపు వానకొట్టు గోడకి పలకరాళ్లు తొడిగి ఉంటారు, చూడండి. స్వాన్సీ దగ్గర లాండోర్‌లో థామస్ థామస్ అని ఒక పాస్టరు తనే నక్షలు గీసేవాడు. ముందుగోడ మీది పెద్ద కమాను పై త్రికోణంలోకి చొచ్చుకుపోతే ఆయన చెయ్యి పడిందేమో అని చూస్తాం.

రెండు తలుపులకి కారణం నాకు భలే నచ్చుతుంది. బాగా వినబడే చోటు మధ్యభాగం. అక్కడ దారి వదిలితే వృథా! అందుకే మధ్యలో బెంచీలు వేసి, దారులు రెండుపక్కలా పెట్టారు. ఒక్కో దారికి ఒక్కో తలుపు. వేదిక కింద డీకన్ల (సంఘ పెద్దల) కోసం కట్టిన వరసని వెల్ష్‌లో 'సేట్ వౌర్' అంటారు, అంటే పెద్ద పీట. కొన్నిచోట్ల అక్కడి పెద్దలు జనంవైపే తిరిగి కూర్చుంటారు, ఎవరు కునుకు తీసినా దొరికిపోవాల్సిందే. మూడువైపులా పోత ఇనుప స్తంభాల మీద బాల్కనీ. ఒకసారి వేదిక మీద నిలబడి నా అసిస్టెంటుతో మెల్లగా "ఈ చెక్క పుచ్చింది" అన్నాను. బాల్కనీ చివర నుంచి ఓ ముసలాయన "తెలుసు!" అన్నాడు. మైకు లేదు, ఏం లేదు.

పాత గోడలకి సిమెంటు పూసే మహానుభావులు మాత్రం అక్కడా ఉన్నారు. నేను వెళ్లిన ఒకచోట ఎవరో పూసిపోయారు, తేమ బయటికి పోలేక లోపల గోడంతా ఉబ్బిపోయింది. సున్నానికి సున్నమే వెయ్యాలి.

మెదక్ విషయానికొస్తే, వేల్స్ పల్లెల్లో మెథడిస్టులంటే ఎక్కువగా కాల్వినిస్టు మెథడిస్టులు, అంటే జాన్ కాల్విన్ బోధలను పాటించే శాఖ. మెదక్‌లో కట్టించిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్, అంటే జాన్ వెస్లీ శాఖవాడు. వెస్లియన్లలో ఫ్రెడరిక్ జాబ్సన్ 1850లోనే చాపెళ్లకి గోథిక్ శైలే (మొనదేలిన కమానుల పాత చర్చి శైలి) తగునని పుస్తకం రాశాడు. 1924లో పూర్తయిన 175 అడుగుల మెదక్ గోపురం ఆ దారిలోదే. ఇక బెథెల్ అంటే మన తెలుగు బైబిల్లో బేతేలే, పేరు దగ్గర తేడా లేదు.

ఈసారి వెళ్తే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని లోపలికెళ్లండి. చాలాచోట్ల గడియారం బాల్కనీ ముందు చెక్కకి, వేదికకి ఎదురుగా ఉంటుంది. కూర్చున్న జనంలో ఎక్కువమందికి అది కనబడదు, ప్రసంగించే ఆయనకి మాత్రం కనబడుతుంది.