జైల్లో పెట్టిన సంతకం ఇష్టంతో పెట్టినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది చంద్రగిరి. మా తమ్ముడు దొంగతనం కేసులో నాలుగు నెలలుగా రిమాండ్‌లో ఉన్నాడు. మొన్న ములాఖత్‌కు పోతే, కొత్త మందు పరీక్షకు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని, బెయిలు తొందరగా వస్తుందని ఎవరో చెప్పారన్నాడు. సంతకం పెట్టమనాలా, వద్దనాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఇప్పటికైతే పెట్టొద్దని చెప్పమ్మా. మీ తమ్ముడికి ఇంకా శిక్షే పడలేదు, పడని శిక్షను తగ్గించేదెవరు? బెయిలిచ్చేది కోర్టు. డాక్టరుకు గానీ, మందుల కంపెనీకి గానీ ఆ అధికారం లేదు. ఆశ చూపించిన వాళ్ల మాట అక్కడే తేలిపోయింది.

ఖైదీల మీద మందు పరీక్షలు పూర్తిగా నిషేధమని మన చట్టంలో లేదు. కానీ 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద చేసే మందు పరీక్షల) నిబంధనలు నిర్బంధంలో ఉన్నవాళ్లను ప్రత్యేక రక్షణ కావాల్సినవాళ్లుగా చూస్తాయి. తాళం చెవి ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు 'సరే' అన్న మాటకు ఎంత విలువ ఇవ్వగలం? అమెరికాలో ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 దాకా ఖైదీల చర్మం మీద రకరకాల మందులు, క్రీములు పరీక్షించారు. వాళ్లూ సంతకాలు పెట్టినవాళ్లే, చేతికొచ్చే నాలుగు డాలర్ల కోసం.

కొత్త మందు పరీక్షకు కేంద్రంలో మందులను నియంత్రించే అధికారి, అంటే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి, పరీక్షలో పాల్గొనేవాళ్ల హక్కులు, భద్రత చూసే రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. ప్రమాదాలేమిటో అర్థమయ్యే భాషలో చెప్పాలి, సమ్మతి పత్రం కాపీ ఇవ్వాలి. మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం రావాలి. కాపీ అడిగితే నసిగారంటే అనుమానించాల్సిందే. జైలు డాక్టరు చేసే టీబీ పరీక్ష, జ్వరానికిచ్చే మాత్రలు మాత్రం ఇందులోకి రావు, వాటికి భయపడి వైద్యం మాన్పించకండి.

ఖైదీ అయినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. అది మన ఆంధ్ర కేసే, విశాఖ జైలు గోడ మీది కరెంటు తీగల గురించి ఖైదీలు వేసింది.

జరిగింది రాసి చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. నిర్బంధంలో ఉన్నవాళ్లకు 1987 చట్టం ప్రకారం వకీలు ఉచితం. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వచ్చే వాయిదాలో మీ తమ్ముడు ఈ సంగతి జడ్జి గారికి నేరుగా చెప్పొచ్చు. ఆ కాగితం ఎవరు తెచ్చారో, ఏ తేదీన తెచ్చారో ఇప్పుడే గుర్తు చేసుకుని రాసి పెట్టమనండి.