మెలి తిరిగిన పన్ను అలైనర్లతో సరవుతుందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పైవరుసలో ముందరి పన్ను ఒకటి పక్కకు తిరిగి ఉంది. కింది కోరపన్ను అయితే బాగా మెలి తిరిగింది. ఉద్యోగంలో రోజంతా నలుగురితో మాట్లాడాలి, క్లిప్పులు పెట్టించుకోవాలని లేదు. అలైనర్లతో సరిచేయొచ్చా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందరి పన్ను గురించి దిగులు పడకండి. అది పలకలా వెడల్పుగా ఉంటుంది కాబట్టి అలైనర్‌కు, అంటే పళ్ల మీద తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగుకు, పట్టు దొరుకుతుంది. చిక్కంతా కోరపన్నుతోనే. గుండ్రటి పన్నును నున్నటి ప్లాస్టిక్‌తో తిప్పడమంటే నూనె చేతులతో సీసా మూత తిప్పడమే, జారిపోతుంది. అందుకే దాని మీద పంటి రంగులోనే చిన్న బొడిపెలు అతికిస్తాం. వీటినే అటాచ్‌మెంట్లు అంటారు. అలైనర్‌కు పట్టు ఇచ్చేవి అవే. చాలా దగ్గరగా చూస్తే తప్ప ఎదుటివాళ్లకు తెలియవు. పన్ను తిరగడానికి చోటు చాలకపోతే పక్కపళ్ల మధ్య ఎనామిల్‌ను (పంటి గట్టి పైపొరను) అర మిల్లీమీటరు లోపే అరగదీస్తాం. భయపడాల్సిన పని కాదు.

అలైనర్లు రోజుకు 20-22 గంటలు నోట్లో ఉండాలి. తినేటప్పుడు, టీ కాఫీలు తాగేటప్పుడు తీసేయాలి. విందు భోజనాల్లో టిష్యూలో చుట్టి పక్కన పెడితే విస్తరితో పాటే చెత్తలోకి పోతాయి. ఇలా పోగొట్టుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. డబ్బా వెంట ఉంచుకోండి.

పన్ను కొద్దికొద్దిగా కదిలేకొద్దీ ఒక సెట్ అలైనర్లు తీసి తర్వాతి సెట్ పెట్టుకుంటూ పోవాలి. కొత్త సెట్ పెట్టుకున్న కొన్ని రోజులకు అద్దంలో కోరపన్ను కొన చూడండి. కొనకూ ప్లాస్టిక్‌కూ మధ్య ఇంకా ఖాళీ కనిపిస్తుంటే పన్ను వెనకబడినట్టే. తర్వాతి సెట్‌కు మారకుండా డాక్టర్‌కు చూపించండి. మళ్లీ స్కాన్ తీసి అదనపు సెట్లు చేయించాల్సి రావచ్చు. మరీ మొండికేస్తే ఆ పంటికి బటన్ అనే చిన్న గుండీలాంటి కొక్కెం అతికించి రబ్బరు బ్యాండు వేస్తాం. వీటికి విడిగా డబ్బు కట్టాలా అన్నది ముందే అడగండి.

చికిత్స మొదలెట్టే ముందు చిగుళ్ల పరీక్ష, ఓపీజీ ఎక్స్‌రే (పళ్లూ దవడలూ అన్నీ ఒకే చిత్రంలో కనిపించేది) తప్పనిసరి. అవి లేకుండా ఇంటికే కిట్ పంపుతామంటే ఒప్పుకోకండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం చికిత్స అయ్యాక జరిగేది. మెలి తిరిగిన పళ్లు పాత చోటికి తొందరగా వెళ్లిపోతాయి. చిగురులోని సాగే పోగులు మెలిపెట్టిన రబ్బరులా పన్నును వెనక్కి లాగుతుంటాయి. అవి కుదుటపడటానికి ఏడాది దాకా పట్టొచ్చు. అందుకే పళ్ల లోపలివైపు సన్నటి తీగ అతికించమని ఆర్థోడాంటిస్ట్‌ను, అంటే పళ్ల వరస సరిచేసే డాక్టర్‌ను, అడగండి. దాంతోపాటు రాత్రిపూట రిటైనర్ (సరిచేసిన పళ్లు కదలకుండా పట్టి ఉంచే తొడుగు) పెట్టుకోవాలి, ఒకటి రెండు నెలలు కాదు, ఏళ్ల తరబడి.